మూడు యూపీఎస్‌లు, ఒక పట్టిక: ప్రాజెక్టు డైరీ

ఉన్నవి, కావలసినవి

సర్వర్ గదిలో మూడు యూపీఎస్‌లున్నాయి. వేర్వేరు కాలాల్లో కొన్నవి కాబట్టి ఒకదానికీ ఇంకొకదానికీ పొంతన లేదు. పెద్దది ర్యాక్ అడుగున ఉండే ఆన్‌లైన్ రకం. ఎనిమిది బ్యాటరీలు, వెనక ఒక నెట్‌వర్క్ కార్డు. రెండు సర్వర్లు దాని మీద నడుస్తాయి. నడిమిది లైన్ ఇంటరాక్టివ్ రకం, యూఎస్‌బీ తీగతో మాట్లాడుతుంది, స్టోరేజీ పెట్టెకు ఆధారం. చిన్నది ఒకే ఒక్క 12 వోల్టుల బ్యాటరీతో స్విచ్చునూ రౌటరునూ మోస్తుంది. ఇంతవరకూ వీటి మీద నిఘా అంటే చెవులే. బీప్ వినిపిస్తే ఎవరో ఒకరు వెళ్లి చూసేవారు. వినిపించకపోతే అంతా బాగుందనుకునేవారు.

నా పేచీ ఈ అనుకోవడంతోనే. కరెంటు పోయిందని చెప్పే ఏర్పాట్లు బోలెడున్నాయి. యూపీఎస్ నోరు మెదపడం లేదని చెప్పే ఏర్పాటు మాత్రం మా దగ్గర ఒక్కటీ లేదు. అందుకని మూడింటినీ అడిగి, వాటి స్థితిని ఒకే పట్టికలో చూపే స్క్రిప్టు రాయాలనుకున్నాను. ఒక్క వరుస కోడ్ కూడా రాయకముందే నియమం పెట్టుకున్నాను. పట్టికలో ప్రతి యూపీఎస్‌కూ మూడు స్థితులు ఉండాలి: బాగుంది, బాగాలేదు, తెలియదు. మూడోదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మొదటిదాంట్లో కలపకూడదు.

పనిముట్ల విషయంలో పెద్దగా తర్జనభర్జన పడలేదు. ఏపీసీ అనే కంపెనీ యూపీఎస్‌లు మాత్రమే ఉన్నవారికి 3551 పోర్టు మీద నడిచే ఏపీసీయూపీఎస్‌డీ చాలు. మావి మూడు జాతులు కాబట్టి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, అంటే అందరూ పిలిచే నట్, ఎంచుకున్నాను. దీని నిర్మాణం తేలికగానే అర్థమవుతుంది. అడుగున ఒక్కో యూపీఎస్‌కు ఒక్కో డ్రైవరు, వాటి మీద 3493 పోర్టులో వినే యూపీఎస్‌డీ సర్వరు, ఆ సర్వరును అడిగి తెలుసుకుని అవసరమైతే యంత్రాన్ని ఆపే యూపీఎస్‌మాన్. ఇదంతా ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద నడుస్తుంది. బోర్డుకు కరెంటు చిన్న యూపీఎస్ నుంచే. స్విచ్చు బతికి ఉన్నంతసేపూ బోర్డు బతికి ఉండాలి, అది లేనప్పుడు ఇది ఉన్నా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నడిమిది

దీనితో ఎక్కువ పని పడలేదు. యూఎస్‌బీ హెచ్ఐడీ డ్రైవరు వెంటనే గుర్తుపట్టింది. చిక్కు అనుమతుల దగ్గర వచ్చింది. డ్రైవరు నట్ అనే ప్రత్యేక వినియోగదారు పేరుతో నడుస్తుంది, యూఎస్‌బీ పరికరం మాత్రం రూట్, అంటే నిర్వాహకుడి ఖాతా, సొత్తుగా ఉంది. పరికరాల అనుమతులు నిర్ణయించే యూడెవ్‌లో నియమం ఒకటి చేర్చి, తీగ పీకి మళ్లీ గుచ్చితే సరిపోయింది. నియమం రాశాక తీగ పీకకుండా గంటలు గడిపేవారిని చూశాను. పాత అనుమతులు పరికరం మళ్లీ కనబడేదాకా మారవు.

ఇక్కడే ‘తెలియదు’ మొదటిసారి కనబడింది. తీగ పీకిన కాసేపటికి యూపీఎస్ విలువలను చూపే నట్ ఆదేశం యూపీఎస్‌సీ సంఖ్యలు ఇవ్వడం మానేసి, సమాచారం పాతబడిందని తప్పు చూపించింది. యూపీఎస్‌డీలో మాక్స్‌ఏజ్ అనే అమరిక ఉంది, మామూలుగా 15 సెకన్లు. ఆ గడువులోపు డ్రైవరు నుంచి కబురు రాకపోతే పాత సంఖ్యలను దాచేసి తప్పు చూపిస్తుంది. నట్ మీద నాకు గౌరవం కలిగింది ఈ ఒక్క లక్షణంతోనే. పాత సంఖ్యను కొత్తదానిలా చూపే డ్యాష్‌బోర్డులు ఎన్నో చూశాను.

పెద్దది: మూడు గడియారాలు

నెట్‌వర్క్ కార్డుతో ఎస్ఎన్ఎంపీలో, అంటే నెట్‌వర్క్ పరికరాల స్థితి అడిగే పద్ధతిలో, మాట్లాడాలి, యూడీపీ 161 పోర్టులో. యూపీఎస్‌లకు ఉమ్మడి పట్టిక ఒకటి 1994లోనే ఆర్ఎఫ్‌సీ 1628 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. అందులో ఒక్కో విలువకూ చెట్టు కొమ్మల్లా సాగే అంకెల చిరునామా ఉంటుంది; ఆ చెట్టు 1.3.6.1.2.1.33 దగ్గర మొదలవుతుంది. దానికింద 1.2 శాఖలో బ్యాటరీ, 1.3లో లోపలికి వచ్చే కరెంటు, 1.4లో బయటికి వెళ్లే కరెంటు. ఏ కంపెనీ అయినా ఇది పాటిస్తే స్క్రిప్టు మార్చనక్కర్లేదు. కంపెనీలకు తమ సొంత చెట్లు కూడా ఉంటాయి; ఏపీసీ చెట్టు 1.3.6.1.4.1.318 కింద ఉంటుంది. మా కార్డు రెండూ చూపుతుంది.

రెండు చెట్ల నుంచీ ఒకే ప్రశ్న అడిగాను: బ్యాటరీ మీద ఇంకెంతసేపు నడుస్తావు? ఉమ్మడి చెట్టు 41 అంది. సొంత చెట్టు 2,46,000 అంది. నట్ డ్రైవరు 2460 అంది. మూడూ నిజమే. మొదటిది నిమిషాలు, రెండోది సెకనులో నూరో వంతు లెక్క, మూడోది సెకన్లు. వోల్టేజీకీ ఇలాంటి మెలిక ఉంది. ఉమ్మడి చెట్టులో బ్యాటరీ వోల్టేజీ పదో వంతుల్లో వస్తుంది, 1092 అంటే 109.2 వోల్టులు. ఎనిమిది బ్యాటరీలకు భాగిస్తే ఒక్కోదానికి 13.65, చార్జి నిండి నిలకడగా ఉన్న సీసం బ్యాటరీకి సరైన లెక్క. అదే చెట్టులో లోపలికి వచ్చే కరెంటు వోల్టేజీ మాత్రం పూర్తి వోల్టుల్లోనే వస్తుంది. అందుకని పట్టికలో ఒకే ప్రమాణం పెట్టాను: కాలం సెకన్లలో, వోల్టేజీ వోల్టుల్లో. మార్పిడి అంతా సంఖ్య లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే జరగాలి, ఆ తర్వాత కోడ్‌లో ఎక్కడా వందతో గుణించడాలూ పదితో భాగించడాలూ ఉండకూడదు.

ఇంకో జాగ్రత్త. కార్డు ఏదైనా విలువ ఇవ్వలేకపోతే ‘అలాంటిది లేదు’ అంటుంది. కొన్ని లైబ్రరీలు దాన్ని ఖాళీ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలేమీ లేని విలువగా, మారుస్తాయి, అక్కడినుంచి అది సున్నా కావడానికి ఒక్క అడుగే. మిగిలిన కాలం సున్నా అంటే సర్వర్లు ఆపేయాలని అర్థం. విలువ లేకపోవడమంటే ఏమీ తెలియదని అర్థం. డేటాబేసులో రాని విలువ నల్‌గానే, అంటే విలువ లేదన్న గుర్తుగానే, ఉంటుంది.

కార్డు విషయంలో నాకున్న అసలు అనుమానం వేరు. కార్డు అంటే యూపీఎస్‌కు తగిలించిన విడి కంప్యూటర్. అది తన లోపల దాచుకున్న పాత విలువలనే మళ్లీ మళ్లీ చెబుతూ పోతే? నెట్‌వర్క్ వైపునుంచి చూస్తే సమాధానం వస్తూనే ఉంటుంది, ఏ గడువూ దాటదు. దీనికి కదలని సంఖ్యల తనిఖీ పెట్టాను. నిజమైన కొలత ఎప్పుడూ కొద్దికొద్దిగా వణుకుతూ ఉంటుంది. లోపలికి వచ్చే వోల్టేజీ పావుగంటపాటు ఒక్క వోల్టు కూడా అటూ ఇటూ కాలేదంటే దాన్ని ‘తెలియదు’లో వేస్తాను. దానితోపాటు కార్డు ఎప్పటినుంచి నడుస్తోందో చెప్పే సిస్‌అప్‌టైమ్ ముందుకు సాగుతోందా లేదా అని కూడా చూస్తాను. అది 32 బిట్ల లెక్క, సెకనులో నూరో వంతుల్లో పెరుగుతుంది కాబట్టి సుమారు 497 రోజులకు మళ్లీ సున్నాకు వస్తుంది. ఆరోజు కార్డు దానంతటదే రీస్టార్ట్ అయిందని గోల చేయకుండా స్క్రిప్టులో ఒక మినహాయింపు రాశాను.

కార్డు తనంతట తానే పంపే ట్రాప్‌లు కూడా ఆన్ చేశాను గానీ వాటి మీద భారం వేయలేదు. ట్రాప్ యూడీపీ 162 మీద ఒక్కసారి వదిలే కబురు; చేరిందో లేదో పంపినవాడికి తెలియదు. కరెంటు పోయే క్షణంలోనే స్విచ్చు తడబడితే ఆ కబురు గాలిలో కలుస్తుంది.

చిన్నది: నూరు శాతం కథ

అన్నింటికంటే చవకైన పెట్టె, అన్నింటికంటే ఎక్కువ సమయం తిన్నదీ ఇదే. ఇది మెగాటెక్ అనే పాత సీరియల్ పద్ధతిలో మాట్లాడుతుంది. నట్‌లో దీనికి క్యూఎక్స్ డ్రైవరు ఉంది. క్యూ1 అని రెండు అక్షరాలు పంపితే ఒకే వరుసలో సమాధానం వస్తుంది. కరెంటు ఉన్నప్పుడు నాకు వచ్చిన వరుస:

(231.4 231.4 230.8 018 50.0 13.6 28.0 00001001

ఎడమనుంచి చదివితే: లోపలికి వచ్చే వోల్టేజీ, చివరి అవాంతరం నాటి వోల్టేజీ, బయటికి వెళ్లే వోల్టేజీ, లోడు శాతం, ఫ్రీక్వెన్సీ, బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత, ఆ తర్వాత ఎనిమిది బిట్లు. బిట్లలో మొదటిది 1 అయితే కరెంటు లేదని, రెండోది 1 అయితే బ్యాటరీ అడుగంటిందని. చివరిది బీప్ మోగే అమరిక. ప్లగ్గు తీశాను:

(000.0 000.0 229.6 018 50.0 12.4 28.0 10001001

మొదటి బిట్ మారింది, బ్యాటరీ 13.6 నుంచి 12.4కు దిగింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఈ వరుసలో ఎక్కడా చార్జి శాతం లేదన్నది గమనించాలి. అయినా యూపీఎస్‌సీ ఆదేశం ప్లగ్గు తీయకముందు 100 అని, తీసిన వెంటనే 77 అని చూపింది. ఒక్క క్షణంలో పావువంతు చార్జి ఎలా పోతుంది?

ఎక్కడికీ పోలేదు. బ్యాటరీ వోల్టేజీ తప్ప ఇంకేమీ తెలియని డ్రైవరు 12 వోల్టుల బ్యాటరీకి 10.4ను సున్నా శాతంగానూ 13.0ను నూరు శాతంగానూ పెట్టుకుని మధ్యలో సరళరేఖ గీస్తుంది. 12.4 ఆ గీత మీద 77 దగ్గర పడుతుంది. లోడు పడగానే సీసం బ్యాటరీ వోల్టేజీ కుంగుతుంది, అది చార్జి తగ్గడం కాదు. ఇంతకంటే ప్రమాదకరమైనది తిరుగు ప్రయాణం. పావుగంట నడిపాక ప్లగ్గు పెట్టాను. చార్జరు పనిచేయడం మొదలుపెట్టగానే వోల్టేజీ 13.4కు ఎగబాకింది, శాతం గడి నూరు అంది. సగం ఖాళీ అయిన బ్యాటరీ నిండుగా ఉన్నట్టు చూపుతోంది. ఆ సమయంలో కరెంటు రెండోసారి పోతే, ఆ నూరు శాతాన్ని నమ్మి ఎదురుచూసే స్క్రిప్టు స్విచ్చును చీకట్లో వదిలేస్తుంది. కరెంటు ఒకసారి పోయినప్పుడే గంటలో మళ్లీ పోయే అవకాశం ఎక్కువని అందరికీ తెలిసిందే.

దీనికి మందు డ్రైవరులోనే ఉంది, వాడేవారు తక్కువ. రన్‌టైమ్‌కాల్ అనే అమరికలో రెండు వేర్వేరు లోడుల దగ్గర బ్యాటరీ ఎంతసేపు నడిచిందో కొలిచి ఇస్తే, డ్రైవరు వోల్టేజీని పక్కనపెట్టి లోడునూ కాలాన్నీ బట్టి చార్జిని లెక్కిస్తుంది. తిరిగి చార్జి అవడానికి ఎంతసేపు పడుతుందో చార్జ్‌టైమ్ చెబుతుంది, చెప్పకపోతే 12 గంటలనుకుంటుంది. కరెంటు రాగానే నూరు చూపే జబ్బు దీనితో పోతుంది.

కొలవాలంటే నిలకడైన లోడు కావాలి. స్విచ్చును బలిపెట్టలేను కాబట్టి దాన్ని తాత్కాలికంగా గోడ ప్లగ్గుకు మార్చి, పాత ఫిలమెంటు బల్బులు హోల్డర్లలో బిగించి లోడుగా వాడాను. ఫిలమెంటు బల్బు ఈ పనికి అమాయకమైన లోడు, వాట్లు ఎంత రాసి ఉంటే దాదాపు అంతే తింటుంది. ఒక 100 వాట్ల బల్బుతో యూపీఎస్ 28 శాతం లోడు చూపింది; 19 నిమిషాలు వెలిగింది. మూడు బల్బులతో 83 శాతం. 4 నిమిషాల 10 సెకన్లకే ఆరిపోయింది. లోడు మూడింతలైతే కాలం మూడోవంతు కాలేదు, నాలుగోవంతు కంటే కూడా తగ్గింది. సీసం బ్యాటరీల ఈ గుణాన్ని 1897లో పోయ్‌కర్ట్ సూత్రంగా రాసిపెట్టాడు. రెండు జతల సంఖ్యలు, అంటే 250, 83, 1140, 28, అమరికలో పెట్టి స్విచ్చును తిరిగి దాని చోట ఉంచితే 18 శాతం లోడుకు సుమారు 35 నిమిషాలని లెక్క వచ్చింది. ఇది నేను నమ్మగల సంఖ్య, ఎందుకంటే దీని వెనక వెలిగి ఆరిన బల్బులున్నాయి.

స్క్రిప్టు

పైథాన్‌లో రాశాను. నట్ మాట్లాడే భాష మామూలు అక్షరాలే: సాకెట్ తెరిచి లిస్ట్ వార్ అని, యూపీఎస్ పేరు రాసి పంపితే బిగిన్ లిస్ట్ నుంచి ఎండ్ లిస్ట్ దాకా వరుసకొక విలువ వస్తుంది. తప్పయితే ఈఆర్ఆర్‌తో మొదలయ్యే ఒకే వరుస. దొరికే పాత ఉదాహరణలు చాలావరకు టెల్నెట్‌లిబ్ మీద ఆధారపడ్డాయి. దాన్ని పైథాన్ 3.13లో తీసేశారు. సాకెట్‌తో నేరుగా రాస్తే ఆ బెడద లేదు, కోడ్ కూడా పెద్దగా పెరగదు.

స్థితి విలువ ఒకే పదం కాదు, కొన్ని సంకేతాల వరుస. ఓఎల్ అంటే కరెంటు మీద, ఓబీ అంటే బ్యాటరీ మీద, ఎల్‌బీ అంటే అడుగంటింది, ఆర్‌బీ అంటే బ్యాటరీ మార్చాలి. ఖాళీల దగ్గర విడగొట్టి ఒక్కో సంకేతాన్నీ విడిగా పోల్చాలి. ప్రతి విలువ పక్కనా అది అందిన సమయం రాస్తాను. 30 సెకన్లు దాటిన విలువ దానంతటదే ‘తెలియదు’ అవుతుంది.

నిర్ణీత సమయాలకు పనులు నడిపే క్రాన్‌తో దీన్ని నడపలేదు. దాని కనీస గడువు నిమిషం, మా దగ్గర అవాంతరాల్లో చాలావరకు కొన్ని సెకన్లవే. పది సెకన్లకోసారి అడిగే సేవగా నడుపుతున్నాను. అంతకంటే చిన్నవాటి కోసం ఆర్ఎఫ్‌సీ 1628లో ఒక లెక్కింపు ఉంది, 1.3.6.1.2.1.33.1.3.1.0 దగ్గర: లోపలికి వచ్చే కరెంటు ఎన్నిసార్లు హద్దు దాటిందో పెద్ద యూపీఎస్ తానే లెక్కపెట్టుకుంటుంది. నేను ఒకసారి అడిగి మళ్లీ అడిగేలోపు ఆ సంఖ్య పెరిగితే, నేను చూడనప్పుడు ఏదో జరిగిందన్నమాట.

బ్రేకరు దించడం

విద్యుత్ పనులు చూసే పెద్దాయన సాయం పట్టారు. నడిమిదాని మీద స్టోరేజీ పెట్టె ఆపేసి, అదే లోడుకు సరిపడా రెండు బల్బులు పెట్టాను. లోడు 22 శాతం, మిగిలిన కాలం 2040 సెకన్లు, అంటే 34 నిమిషాలు.

“బ్రేకరు నేను దించుతాను, మీరు స్క్రీన్ చూడండి. ఎంతసేపు ఉంచమంటారు?”

“అది చెప్పిన మాట అబద్ధమని తేలేదాకా ఉంచండి.”

మూడో నిమిషంలో 27 నిమిషాలు మిగిలిందన్నది. అప్పటికే లెక్క సరిపోవడం లేదు. ఆరో నిమిషంలో 71 శాతం, 20 నిమిషాలు. తొమ్మిదో నిమిషం గడుస్తుండగా ఒక్క ఉదుటున 24 శాతానికీ 240 సెకన్లకూ పడిపోయి ఎల్‌బీ సంకేతం ఎగరేసింది. పదకొండో నిమిషంలో బల్బులు ఆరిపోయాయి. 34 నిమిషాల హామీ, 11 నిమిషాల వాస్తవం. “బ్యాటరీ పుట్టినరోజు ఎప్పుడండీ?” అని పెద్దాయన అడిగారు. పెట్టి నాలుగేళ్లయింది. ఈ రకం మూసివున్న సీసం బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు. 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడే లెక్క.

కొత్త బ్యాటరీలు వేశాక లోతైన పరీక్ష ఆదేశం పంపి యూపీఎస్ తన లెక్కను మళ్లీ సరిచేసుకునేలా చేశాను. అదే రెండు బల్బులు 33 నిమిషాలు వెలిగాయి. బ్యాటరీ.డేట్ అనే గడిలో మార్చిన తేదీ రాసిపెట్టాను. ఆ గడి ఉండేదే ఇందుకు, అయినా చాలా యూపీఎస్‌లలో ఫ్యాక్టరీ తేదీయే కనబడుతుంది.

ఎప్పుడు ఆపాలి

స్టోరేజీ పెట్టె శుభ్రంగా మూసుకోవడానికి 2 నిమిషాల 40 సెకన్లు కావాలి. పాత బ్యాటరీ ఎల్‌బీ అన్నాక ఇచ్చినది రెండు నిమిషాలే. అంటే ఎల్‌బీ కోసం ఎదురుచూసే మామూలు పద్ధతి, బ్యాటరీ ముసలిదయ్యాక, స్టోరేజీని సగంలో ముంచుతుంది. మిగిలిన కాలం మీద హద్దు పెట్టినా అంతే, ఆ సంఖ్యే చివరి క్షణందాకా అబద్ధమాడింది.

అందుకని బ్యాటరీ మీదికి వచ్చి ఎంతసేపయింది అన్నదాని మీదే నిర్ణయం పెట్టాను. అందులో ఊహ ఏమీ లేదు, గడియారమే చెబుతుంది. నట్‌లో టైమర్లు చూసే యూపీఎస్‌షెడ్‌లో ఓబీ రాగానే 300 సెకన్ల టైమరు మొదలవుతుంది, కరెంటు వస్తే రద్దవుతుంది. గడువు తీరితే మిగిలిన చార్జి ఎంతున్నా స్టోరేజీ మూసుకుంటుంది. సర్వర్లకు 12 నిమిషాలు. ఎల్‌బీ ముందుగా వస్తే అదీ చెల్లుతుంది. చార్జి ఉన్నా ముందే ఆపడం వృథా కదా అని ఒకరిద్దరు అన్నారు. ఐదు నిమిషాలు దాటిన కోత అరగంటలో ముగుస్తుందని హామీ ఎవరిస్తారు?

ఈ టైమర్లు బోర్డులో ఉండవు, ప్రతి యంత్రంలోనూ దాని యూపీఎస్‌మాన్ దగ్గరే ఉంటాయి. ఓబీ కబురు ఒక్కసారి అందితే చాలు, ఆ తర్వాత నెట్‌వర్క్ చచ్చినా టైమరు నడుస్తూనే ఉంటుంది. పైగా చివరిసారి ఓబీ చూసి, ఆ తర్వాత డెడ్‌టైమ్ గడువు దాటినా సంబంధం తెగే ఉంటే, యూపీఎస్‌మాన్ దాన్ని ప్రమాదంగానే లెక్కించి యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ ఆలోచన బాగుంది. అందులో ఒక కన్నం ఉంది.

చిన్న యూపీఎస్ బ్యాటరీ లోపల చచ్చి ఉందనుకుందాం. కరెంటు పోయిన క్షణంలోనే స్విచ్చూ బోర్డూ రెండూ ఆరిపోతాయి. సర్వర్లకు ఓబీ అన్న కబురే చేరదు. వాటికి తెలిసిన చివరి స్థితి ఓఎల్, ఆపైన నిశ్శబ్దం. చివరి స్థితి ఓఎల్ కాబట్టి యూపీఎస్‌మాన్ హెచ్చరిక రాసి ఊరుకుంటుంది, యంత్రాలు పెద్దదాని బ్యాటరీని ఆఖరి చుక్కదాకా తాగి కూలిపోతాయి. మొత్తం ఏర్పాటును అన్నింటికంటే చవకైన పెట్టె పడగొడుతుంది.

దీనికి రెండు అడ్డుకట్టలు వేశాను. సంబంధం తెగిందన్న కామ్‌బ్యాడ్ సంఘటనకు 600 సెకన్ల టైమరు, కామ్‌ఓకే వస్తే రద్దు. పది నిమిషాలు ఎవరూ పలకకపోతే కరెంటు లేదనే భావించి మూసుకోవాలి. స్విచ్చును రీస్టార్ట్ చేసినప్పుడు అంతసేపు పట్టదు కాబట్టి అనవసరంగా ఆగిపోయే భయం తక్కువ. స్విచ్చు నిజంగా చెడిపోతే సర్వర్లు ఆగిపోతాయి, అది ఒప్పుకున్న బేరమే. రెండో అడ్డుకట్ట: చిన్నదానికి వారానికోసారి పనివేళల్లోనే చిన్న బ్యాటరీ పరీక్ష. పరీక్ష సమయంలో వోల్టేజీ ఎంత కుంగిందో పట్టికలో రాస్తాను. వారం వారం ఆ కుంగుడు పెరుగుతుంటే బ్యాటరీ మూలుగుతోందన్నమాట.

మూసుకున్నాక మళ్లీ లేవడం సంగతి. యంత్రాలు మూసుకుంటుండగా కరెంటు తిరిగొస్తే? యూపీఎస్ కరెంటు కోయకపోతే ఆగిన యంత్రానికి కరెంటు పోయినట్టే తెలియదు, తెలియక మళ్లీ లేవదు. అందుకే స్టోరేజీ ఆగిందని తేలాక బోర్డు నడిమిదానికి షట్‌డౌన్.రిటర్న్ ఆదేశం పంపుతుంది. మామూలు అమరికలో 20 సెకన్లకు కోత, 30 సెకన్ల గడువు తర్వాత కరెంటు ఉంటే తిరిగి సరఫరా. యంత్రం బయాస్‌లో, అంటే దాని తొలి అమరికల్లో, కరెంటు రాగానే లేచే అమరిక ఆన్‌లో ఉండాలి. బ్రేకరును సరిగ్గా మధ్యలో ఎత్తి చూశాం. నడిమిది లోడును కోసింది, మళ్లీ ఇచ్చింది, స్టోరేజీ లేచింది.

ప్రతి మార్పుకూ బ్రేకరు దించలేం. నట్‌లో డమ్మీ డ్రైవరు ఉంది. ఒక ఫైలులో ఓఎల్, ఓబీ, ఎల్‌బీ వరుసగా సమయాలతో రాస్తే లేని యూపీఎస్‌ను ఉన్నట్టు ఆడిస్తుంది. టైమర్ల తర్కమంతా దాంతోనే పరీక్షించాను.

హెచ్చరికలు, తాళాలు

బోర్డు నిమిషానికోసారి బయట ఉన్న ఒక యంత్రానికి ‘ఉన్నాను’ అని పంపుతుంది. మూడు వరుసగా రాకపోతే ఆ బయటి యంత్రమే మాకు సందేశం పంపుతుంది. లోపలి నుంచి వచ్చే హెచ్చరిక కరెంటు గురించి, బయటి నుంచి వచ్చేది నిశ్శబ్దం గురించి. తెలుగులో పంపే ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే హద్దు, ఇంగ్లీషు లిపిలోనైతే 160. గుణింతాలూ వత్తులూ విడిగా లెక్కకొస్తాయి కాబట్టి ‘చిన్నది: తెలియదు, 4 ని.’ లాంటి పొదుపు భాష అలవాటైంది.

భద్రత గురించి క్లుప్తంగా. యూపీఎస్‌డీ మామూలుగా తన యంత్రం నుంచే వింటుంది. నెట్‌వర్క్‌కు తెరిచేటప్పుడు నిర్వహణ వీలాన్, అంటే నిర్వహణకు విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం, వరకే తెరిచాను. కార్డులో పబ్లిక్ అనే ఎస్ఎన్ఎంపీ సంకేతపదాన్ని తీసేసి మూడో వెర్షన్‌కు మార్చాను. యూపీఎస్‌ల నిర్వహణ ద్వారాలను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చుకోవాలని 2022 మార్చిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, ఇంధన శాఖ కలిసి హెచ్చరిక జారీ చేశాయి. దూరం నుంచి సర్వర్ గది కరెంటు కోయగల పెట్టెకు అడ్మిన్ అన్న పాస్‌వర్డు ఉండడం ఎంత పనికిమాలిన సంగతో చెప్పనక్కర్లేదు.

ఇప్పటి స్థితి

నడిమిదీ చిన్నదీ పూర్తయ్యాయి. పెద్దదాన్ని నిజమైన లోడుతో చివరిదాకా దించి చూడటం మిగిలింది; రెండు సర్వర్లూ ఒకేసారి ఖాళీగా దొరకాలి. దాని బ్యాటరీ ఉష్ణోగ్రత 31 డిగ్రీలు చూపుతోంది, ర్యాక్ అడుగున గాలి ఆడేందుకు కింది పలక తీయించాను, గ్రాఫు దిగుతుందేమో చూడాలి. ఇంకో లోపం స్క్రిప్టు తీర్చలేనిది. కార్డు ఎనిమిది బ్యాటరీల మొత్తం వోల్టేజీనే చెబుతుంది. ఒక బ్యాటరీ అర వోల్టు కుంగి మిగిలిన ఏడూ తలా కొంచెం పైకి లేస్తే మొత్తం 109.2 అలాగే ఉంటుంది. వచ్చే సర్వీసులో కవరు విప్పినప్పుడు ఒక్కొక్క బ్యాటరీనీ లోడు మీద మీటరుతో కొలిచి, ఎనిమిది గడులుగా పట్టికలో చేర్చాలి. ఆ గడులు అప్పటిదాకా ‘తెలియదు’ అనే ఉంటాయి.